ఫీడు ఎవరూ పంపరు: ఫోరం ఫీడ్లపై అపోహలు - వాస్తవాలు

నాలా ఫోరంల సర్వర్లు చూసుకునేవాళ్లకు తరచూ వచ్చే ఫిర్యాదు ఇది: "ఫీడు పెట్టుకున్నాను, అయినా సగం టపాలు రావడం లేదు." ఫీడంటే సైటులోని తాజా టపాల జాబితా, దాన్ని తెచ్చి చూపించే సాఫ్ట్‌వేరే రీడర్. చాలాసార్లు ఫోరం బాగానే ఉంటుంది, రీడర్ కూడా బాగానే ఉంటుంది. ఫీడును ఈమెయిల్ లాంటిదనుకోవడమే చిక్కు.

అపోహ: గూగుల్ రీడర్‌తోనే ఆర్ఎస్ఎస్ (ఫీడ్లు రాసే ఒక ఫార్మాట్) కథ ముగిసింది.

వాస్తవం: 2013 జులై 1న మూతపడింది ఆ ఒక్క రీడరే. పాడ్‌కాస్టులు నేటికీ ఆర్ఎస్ఎస్ మీదే నడుస్తున్నాయి. తెలుగు బ్లాగులను ఒకచోట చేర్చిన కూడలి, మాలిక వంటివీ ఫీడ్ల మీద ఆధారపడినవే.

అపోహ: ఫీడు పెట్టుకుంటే ఒక్క టపా కూడా తప్పిపోదు.

వాస్తవం: తప్పిపోతుంది, అదీ చడీచప్పుడు లేకుండా. ఫీడును మనకు ఎవరూ పంపరు. అది సర్వర్‌లో ఉండే ఒక ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలు. మన రీడరే వెళ్లి తెచ్చుకోవాలి. అందులో ఉండేవి తాజా టపాలు కొన్నే. వర్డ్‌ప్రెస్‌లో సెట్టింగు మార్చకపోతే 10. పైన కొత్తది చేరగానే అడుగున ఉన్నది జారిపోతుంది. ల్యాప్‌టాప్‌లోని రీడర్‌ను శుక్రవారం మూసి సోమవారం తెరిచారనుకోండి. ఫీడులో 20 టపాలకే చోటుండి, ఈలోగా 70 వస్తే, 50 టపాలు ఆ రీడర్‌కు ఎప్పటికీ అందవు. సందడి ఎక్కువగా ఉండే ఫోరం అయితే మొత్తం ఫీడు కాకుండా కావలసిన విభాగానిదో, ఒక్క చర్చదో తీసుకోండి. లేదంటే ఫ్రెష్ఆర్ఎస్ఎస్ వంటి రీడర్‌ను రాత్రింబవళ్లు ఆన్‌లో ఉండే సర్వర్‌లో పెట్టుకోండి. ఇంకో మెలిక: డిస్కోర్స్ అనే ఫోరం సాఫ్ట్‌వేర్‌లో కొత్త చర్చల ఫీడు వేరు, కొత్త టపాల ఫీడు వేరు. మొదటిది పెట్టుకుని జవాబులు రావడం లేదని వాపోతే లాభం లేదు.

అపోహ: నిమిషానికోసారి చూసేలా పెడితే మంచిది.

వాస్తవం: ఎవరికి మంచిది? పద్ధతైన రీడర్ కిందటిసారి అందుకున్న ఈట్యాగ్‌నో (ఆ ఫైలు వెర్షన్‌కు సర్వర్ ఇచ్చే గుర్తు), తేదీనో చూపించి "ఆ తర్వాత ఏమైనా మారిందా?" అని అడుగుతుంది. మారకపోతే సర్వర్ 304 (మారలేదు) అని చెప్పి ఊరుకుంటుంది, ఫైలు పంపదు. ఈ పద్ధతి తెలియని రీడర్లు ప్రతిసారీ ఫైలు మొత్తం లాగుతాయి. అలాంటివాటికి 429 (మరీ ఎక్కువసార్లు అడుగుతున్నారు) చూపించి తలుపు మూయడానికి నాకేమీ మొహమాటం లేదు. గంటకోసారి చూస్తే చాలా ఫోరంలకు సరిపోతుంది. వెంటనే తెలియాలంటే కొత్తది రాగానే రీడర్‌కు కబురందించే పద్ధతి, 2018లో ప్రమాణంగా వచ్చిన వెబ్‌సబ్ ఉంది, కానీ దాన్ని సైటు కూడా అమలు చేసి ఉండాలి.

అపోహ: చదివేసిన టపాలు మళ్లీ కొత్తవిగా వచ్చాయంటే రీడర్ పాడైనట్టే.

వాస్తవం: ప్రతి టపాకూ ఫీడులో ఒక గుర్తింపు ఉంటుంది. ఆర్ఎస్ఎస్‌లో జీయూఐడీ, ఆటమ్ అనే మరో ఫీడు ఫార్మాట్‌లో ఐడీ. చదివిందో కాదో రీడర్ సాధారణంగా తేల్చుకునేది దాన్ని చూసే. టపా చిరునామానే గుర్తింపుగా వాడే ఫోరం హెచ్‌టీటీపీ నుంచి హెచ్‌టీటీపీఎస్‌కు మారిందంటే, ఆ ఒక్క ఎస్ వల్ల ఫీడులో ఉన్నవన్నీ రీడర్ కంటికి కొత్తవే. దీనికి తిరకాసు కూడా ఉంది: టపాను తర్వాత ఎంత దిద్దినా గుర్తింపు మారదు కనుక చాలా రీడర్లు దాన్ని మళ్లీ పైకి తేవు.

అపోహ: పేజీలో ఫీడును సూచించే నారింజ రంగు గుర్తు లేకపోతే ఫీడు లేనట్టే.

వాస్తవం: చర్చ చిరునామాను అలాగే రీడర్‌లో అతికించి చూడండి, చాలా సైట్లు ఫీడు ఎక్కడుందో పేజీ సోర్సులోనే చెబుతాయి. డిస్కోర్స్‌లో, రెడిట్‌లో చిరునామా చివర డాట్ ఆర్ఎస్ఎస్ (.rss) చేర్చితే చాలు.

అపోహ: సభ్యులకు మాత్రమే తెరిచిన విభాగం ఫీడు చిరునామాను ఎక్కడ పెట్టినా ఫరవాలేదు, లాగిన్ అడుగుతుంది కదా.

వాస్తవం: చాలాచోట్ల అడగదు. అలాంటి చిరునామాలో మీ ఖాతాకు సంబంధించిన రహస్య సంకేతం ఇమిడి ఉంటుంది, అది ఎవరి చేతికి దొరికితే వాళ్లు ఆ విభాగం చదువుకోవచ్చు. సహాయం కోరుతూ పెట్టే స్క్రీన్‌షాట్లలో ఆ భాగం చెరిపేయండి. ఇప్పటికే బయటపడి ఉంటే, ఖాతా సెట్టింగులలో ఆ వీలున్న చోట కొత్త సంకేతం తీసుకోండి, పాతది ఆగిపోతుంది.