రెక్క ఎందుకు వంగింది?

ప్రియమైన పిల్లలకు,

మీలో ఒకరు అడిగిన ప్రశ్న నాకు బాగా నచ్చింది. "తాతయ్యా, మా చెక్క హెర్క్యులిస్ (సైన్యం సరుకుల విమానం) బొమ్మకు వానాకాలం రాగానే రెక్క వెనకంచు పైకి లేచింది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. మరి అదెలా కదిలింది?"

చెక్క కదులుతుంది. చెట్టుగా ఉన్నన్నాళ్లూ నీళ్లు తాగింది కదా, కోసి ఆరబెట్టాక కూడా గాలిలోని తేమను తాగుతూ, వదులుతూ ఉంటుంది. ఒక ఈనెల చీపురు తెచ్చుకుని చూడండి. చెక్క కూడా అలాంటి కట్టే, కాకపోతే పుల్లలు కంటికి కనపడనంత సన్నగా ఉంటాయి. చీపురును నిలువుగా పట్టి ఎంత లాగినా తెగదు. పుల్లల మధ్య వేలు దూర్చి విడదీస్తే మాత్రం ఇట్టే విడిపోతుంది. ఇక తడిస్తే పుల్ల పొడవు దాదాపుగా పెరగదు, లావవుతుంది. అందుకే కట్ట అడ్డంగా ఉబ్బుతుంది. మీ రెక్కకు పైన దళసరిగా రంగు వేసి, కింద ఎవరూ చూడరని పల్చగా వదిలేసి ఉంటారు. కిందివైపు పుల్లలు తేమ తాగి లావయ్యాయి, పైవి కాలేదు. కింద వెడల్పు పెరిగి, అంచులు పైకి లేచాయి.

దాన్ని బరువు పెట్టి అణచకండి, నిలువునా పగులుతుంది. రెండు వైపులా గాలి తగిలేలా, ఎండ పడని పొడి చోట కొన్నాళ్లు ఉంచండి. తేమ వదిలాక చాలావరకు అదే దిగుతుంది. అప్పుడు కిందివైపు కూడా పైన ఎన్ని పూతలుంటే అన్ని పూతలు వేయండి. కనపడని వైపుకు కూడా సమానంగా పని చేయడం ఈ విద్యలో మొదటి మర్యాద.

ఇప్పుడు కొత్తది చేద్దామనుకుంటున్నారు కాబట్టి, ప్రతి భాగంలో చీపురు పుల్లలు ఎటు పడుకోవాలో చెబుతాను. మిగతా పనులన్నీ దాని తర్వాతే.

అసలు హెర్క్యులిస్ రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు 40.4 మీటర్లు, పొడవు 29.8 మీటర్లు. నూరో వంతు నమూనా చేస్తే లెక్క సులువు: మీటరుకు సెంటీమీటరు. మహోగనీ అయితే మేలు. బాస్‌వుడ్ అనే మెత్తటి చెక్క అయినా మంచిదే. టేకు వద్దు. దానిలో నూనె ఉంటుంది, జిగురూ రంగూ సరిగా పట్టవు. బాల్సా అనే తేలిక చెక్క గోరు తగిలితేనే నొక్కుకుపోతుంది, ప్రదర్శనకు పెట్టే బొమ్మకు పనికిరాదు. ఏ చెక్కయినా బాగా ఆరి ఉండాలి, తేమ 8 నుంచి 12 శాతం మధ్యే ఉండాలి.

ఒడలికి, అంటే విమానం మొండేనికి, పుల్లలు ముక్కు నుంచి తోక దాకా సాగాలి. ఒకే దిమ్మె కాకుండా రెండు పలకలు నిలువుగా అంటించండి. ఒకే పలకను రెండుగా కోసి, పుస్తకం తెరిచినట్టు ఎదురెదురుగా తిప్పి అంటిస్తే ఒకటి వంగబోయిన వైపుకు రెండోది వంగనివ్వదు. ఇంకో లాభం, ఆ జిగురు గీతే మధ్యగీత అవుతుంది. ఎంత చెక్కినా చెరగదు. ఒడలు ఒకవైపు లావుగా వస్తోందేమో ఆ గీతే చెబుతుంది. జిగురు ఒక రోజంతా బిగింపులో ఆరనివ్వండి. తర్వాత పక్కనుంచి కనిపించే ఆకారాన్ని రంపంతో కోసి, పడిన తుంటలను టేపుతో మళ్లీ వాటి చోటే అంటించి, అప్పుడు పైనుంచి కనిపించే ఆకారాన్ని కోయాలి. తుంటలు లేకపోతే దిమ్మె కింద ఆనదు, రంపం పక్కకు జారుతుంది. రంపం, ఉలి పట్టేటప్పుడు పక్కన పెద్దవాళ్లు ఉండాలి.

ఎక్కువమంది పాడుచేసేది తోక కింది వాలు. 1954 ఆగస్టు 23న మొదటిసారి ఎగిరిన ఈ విమానం ఆకారమంతా ఒకే పని కోసం వచ్చింది: వెనకనుంచి వాహనాలు నేరుగా లోపలికి ఎక్కాలి. అందుకే తోక అడుగుభాగం అంత నిటారుగా పైకి లేస్తుంది, అక్కడే తలుపు కిందికి వాలి దారి అవుతుంది. లోపలి నేల లారీ తొట్టి ఎత్తులో, సుమారు మీటరు పైన ఉంటుంది. దానికి అడ్డం రాకుండా రెక్క వీపు మీదికి పోయింది. చక్రాలు ఒడలి పక్కన బుడిపెల్లోకి పోయాయి. ఈ కారణం తెలియని చెయ్యి తోకను మెల్లగా సన్నం చేసేస్తుంది. అప్పుడది ప్రయాణికుల విమానం అవుతుంది. బుడిపెలు విడిగా చేసి అంటించండి, ఒడలితో కలిపి చెక్కితే మూలలు శుభ్రంగా రావు.

రెక్కలో పుల్లలు ఒక కొస నుంచి మరో కొసకు ఉండాలి. ముందు నుంచి వెనక్కి పెట్టారంటే, తుడిచేటప్పుడే విరుగుతుంది. రెండు సగాలుగా చేసి కొసలు కాస్త పైకి ఉండేలా మధ్యలో కలపాలి. అయితే అక్కడ మొనకు మొన తగులుతుంది. రెండు చీపుళ్ల మొనలను ఎదురెదురుగా అంటిస్తే నిలుస్తాయా? అందుకే 5 మిల్లీమీటర్ల కర్ర పిన్ను లోపలికి దింపి, కలిపిన చోటును వీపు మీది గాడిలో కూర్చోబెట్టాలి. రెక్క మందం ఒడలి దగ్గర వెడల్పులో 18 శాతం, కొసన 12 శాతం. వెనకంచు కత్తిలా చేయకండి, మిల్లీమీటరు మందం ఉంచితేనే చిట్లదు. నిలువు తోకలో పుల్లలు నిలువుగా, అడ్డ తోకలో అడ్డంగా.

ఇంజిన్ గూళ్లు నాలుగూ ఒకే పొడవాటి కర్రలో వరసగా చెక్కి, చివర విడగొట్టండి. విడివిడిగా మొదలుపెడితే నాలుగూ నాలుగు రకాలవుతాయి. ఇక పంకాలు. నాలుగు రేకుల పంకాను ఒకే చెక్కలో కోస్తే రెండు రేకుల్లో పుల్లలు పొడవునా, రెండింటిలో అడ్డంగా పడతాయి. ఆ అడ్డం రేకులు తప్పకుండా విరుగుతాయి. రెండేసి రేకుల ముక్కలు రెండు చేసి, మధ్యలో సగం సగం గాడి తీసి ఒకదానిలో ఒకటి దించండి. కొత్త రకం హెర్క్యులిస్‌కు ఆరు రేకులుంటాయి. ఒక్కో రేకూ విడిగా చేసి, 60 డిగ్రీలకొకటి చొప్పున నడిమి గుండీలో గుచ్చాలి.

ఉప్పు కాగితం 80 నంబరుతో మొదలుపెట్టి 120, 180, 240, 320 దాకా పుల్లల వెంబడే రుద్దండి. 240 తర్వాత తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే నూగు లేస్తుంది. ఆరాక మళ్లీ రుద్దాలి. ఈ పని ఇప్పుడు చేయకపోతే రంగు కింద లేస్తుంది. మహోగనీ సన్న రంధ్రాలను లప్పంతో నింపి, చెక్క రంగును తాగకుండా ఆపే సీలర్ రెండు మూడు పూతలు వేయండి. ముక్కు, తోక కొసల్లో పుల్లల మొనలు బయటికి ఉంటాయి కాబట్టి అక్కడ ఎక్కువ తాగుతుంది, ఇంకో పూత ఇవ్వండి. లేకపోతే ఆ చోట్లు వెలిసినట్టుంటాయి.

నిలబెట్టే కడ్డీకి రంధ్రం ఎక్కడ? ఒడలి పొడవులో సగం కొలిచి కాదు. తోక, ఇంజిన్లు అన్నీ అంటించాక రెక్క కింద రెండు వేళ్ల మీద ఆనించి చూడండి. ఎక్కడ తూగుతుందో అక్కడే. తోక అంటించకముందే రంధ్రం వేస్తే తర్వాత బొమ్మ వెనక్కి వాలుతుంది.

ఇదంతా మీ వయసుకు మించిన పని అనుకోకండి. 1942లో అమెరికా నౌకాదళం ఐదు లక్షల చెక్క విమానాలు కావాలని అడిగింది ఉన్నత పాఠశాలల పిల్లలనే. శత్రువెవరో మిత్రుడెవరో ఆకారం చూసి గుర్తుపట్టడం సైనికులకు నేర్పడానికి అవి కావలసి వచ్చాయి. అసలులో 72వ వంతు, నలుపు రంగు. అంటే 35 అడుగుల దూరంలో పెట్టిన బొమ్మ, దాదాపు అరమైలు అవతలి అసలు విమానమంత కనిపిస్తుంది. గుణించి చూసుకోండి.

రంపం పట్టకముందు ఒక పని చేయండి. ఏదైనా పాత చెక్క పలక చివరి కోత చూడండి. వలయాలు విల్లులా వంగి ఉంటాయి. ఆరేకొద్దీ అవి వంపు పోయి తిన్నగా కావాలని చూస్తాయి, పలకను కూడా లాగుతాయి. ముందు కోత మాత్రమే చూసి పలక ఎటు వంగి ఉంటుందో కాగితం మీద రాసుకోండి, తర్వాత స్కేలు అడ్డంగా ఆనించి సరిచూడండి. వలయాలు నిలువుగా నిలబడిన పలక దొరికితే దాన్ని రెక్కకు దాచి ఉంచండి.

మీ
తాతయ్య