అపోహలు – వాస్తవాలు: పాత వజ్రాన్ని నగలో ఉండగా చూసి వెల కట్టవచ్చా?

"మా అత్తగారి వైపు నాలుగు తరాలుగా ఉన్న గోల్కొండ వజ్రమండీ, రాయిని కదపకుండా పైపైన చూసి ఎంత చేస్తుందో చెప్పండి." హైదరాబాద్‌లో ఇరవై రెండేళ్లుగా వజ్రాలు పరీక్షిస్తున్న నాకు ఈ మాట వినబడని నెల లేదు. తెలిసినవారి దగ్గర, బంధువుల ద్వారా, పాత నగ కొనబోతున్నవారు నా దగ్గరికి తరచుగా ఈ కోరికతోనే వస్తారు. అందులో సగం మంది అప్పటికే బయానా ఇచ్చేసి ఉంటారు.

అపోహ: అనుభవం ఉన్న కన్ను నగలో ఉన్న రాయిని ఉన్నట్టే చూసి బరువు, రంగు, ధర చెప్పగలదు.

వాస్తవం: చెప్పలేదు. నాకే కాదు, ఎవరికీ అది సాధ్యం కాదు. కొనేవారికి అన్నిటికంటే ఎక్కువ నష్టం తెచ్చేది ఈ నమ్మకమే కాబట్టి దీని గురించే వివరంగా రాస్తున్నాను.

మన పాత నగల్లో ఎక్కువ భాగం క్లోజ్ సెట్టింగ్‌లో ఉంటాయి. రాయి వెనుక భాగం పూర్తిగా మూసి ఉంటుంది, దాని కింద వెండి రేకు పరిచి ఉంటుంది, లోపల లక్క నింపి అంచుల చుట్టూ కుందనం అదిమి ఉంటుంది. రాయిలోంచి కిందికి జారిపోయే కాంతిని వెనక్కి తిప్పి కంటికి చేర్చడమే ఆ రేకు పని. దీపపు వెలుగులో పలుచని రాయి కూడా నిండుగా మెరవాలని మన పనివారు ఎంతో నేర్పుతో చేసిన ఏర్పాటు అది, అందులో మోసం ఏమీ లేదు. కానీ వెల కట్టే సమయంలో అదే రేకు పసుపు ఛాయను తెలుపుగా చూపిస్తుంది, లోపలి పగుళ్లను కప్పేస్తుంది, అన్నిటికంటే ముఖ్యంగా రాయి మందాన్ని దాచేస్తుంది. మందం తెలియకుండా బరువు లెక్క వేయడమంటే మూత తీయని బిందెలో నీళ్లెన్ని ఉన్నాయో చెప్పడమే.

మూడేళ్ల కిందట పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయ దంపతులు కూతురి పెళ్లి కోసం ఒక పతకం తీసుకొచ్చారు. మధ్య రాయి అడ్డకొలత కచ్చితంగా పది మిల్లీమీటర్లు ఉంది. పది మిల్లీమీటర్ల గుండ్రటి రాయి, అడుగు లోతుగా దిగే ఇప్పటి బ్రిలియంట్ కోతలో ఉంటే, సుమారు నాలుగు కారెట్లు తూగుతుంది. అమ్మేవారు ఆ లెక్కనే చెప్పారు, వీరు ఆ లెక్కకే ఒప్పుకుని సగం డబ్బు ఇచ్చేశారు. ఇరుపక్షాలనూ ఎదుట కూర్చోబెట్టి, ఫొటోలు తీసి, నగ మొత్తం తూచి, కుందనం పనివారితో పొదుగు విప్పించాను. వేడికి లక్క మెత్తబడింది, అంచు కుందనం చిన్న చీలికలుగా లేచింది, నల్లబడిన రేకుతో పాటు రాయి నా అరచేతిలోకి వచ్చింది. అది అడుగు చదునుగా ఉండే రోజ్ కట్ రాయి. మందం రెండు మిల్లీమీటర్లు, తూకం ఒక కారెట్ డెబ్బై సెంట్లు (కారెట్‌లో వందో వంతు ఒక సెంటు). తెల్ల కాగితం మీద బోర్లించి పెట్టగానే లేత పసుపు ఛాయ స్పష్టంగా కనిపించింది.

ఆ రాయి అసలైన వజ్రమే, నిజంగా పాతదే. అమ్మేవారు అబద్ధమాడలేదు, తన తల్లి చెప్పిన మాటనే నమ్మి చెప్పారు. అయినా నాలుగు కారెట్లకు, ఒకటీ డెబ్బైకి మధ్య తేడా బరువులో మాత్రమే ఉండదు. రాయి పెద్దదయ్యేకొద్దీ ఒక్కో కారెట్‌ ధర కూడా పెరుగుతుంది కాబట్టి నష్టం రెండు వైపుల నుంచీ పడుతుంది. పెళ్లికూతురి తల్లి చాలాసేపు మాట్లాడలేకపోయారు. ధర సరిచేసుకుని చివరికి ఆ పతకాన్ని వారే కొన్నారు గానీ, బయానా ఇవ్వకముందే వచ్చి ఉంటే అన్ని రోజుల దిగులు ఉండేది కాదు.

"విప్పితే నగ పాడవుతుంది" అనే భయం నాకు అర్థమవుతుంది. తెలియని చేతిలో పడితే పాడవుతుంది కూడా. కానీ కుందనం పని తెలిసినవారు కొత్త రేకు వేసి తిరిగి బిగించగలరు, ఆ ఖర్చు కొనేవారే భరిస్తామని ముందే చెబితే అమ్మేవారికీ అభ్యంతరం ఉండదు. లక్క ఎంత ఉందో అప్పుడే తెలుస్తుంది కాబట్టి దానికి బంగారం ధర కట్టే పొరపాటు కూడా తప్పుతుంది. ఇన్ని చెప్పినా విప్పనివ్వకపోతే కొనవద్దు. ఈ మాటలో నేను సడలింపు ఇవ్వను, ఎందుకంటే నగ పాతదైనంత మాత్రాన అందులోని రాయి పాతదై ఉండాలని లేదు. అవసరానికి మంచి రాయిని ఎప్పుడో తీసి అమ్ముకుని, వేరే రాయి పెట్టించుకున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ సంగతి తర్వాతి తరానికి తెలియదు.

అపోహ: తాతమ్మల నాటి వజ్రమంటే గోల్కొండ వజ్రమే. ల్యాబ్‌లో టైప్ 2ఏ అని వస్తే ఇక సందేహమే లేదు.

వాస్తవం: గోల్కొండ కోటలో గని ఏదీ లేదు. కృష్ణా తీరంలోని కొల్లూరు, పరిటాల వంటి చోట్ల దొరికిన రాళ్లకు అది బజారు. 1720ల తర్వాత బ్రెజిల్ నుంచి, 1870ల నుంచి దక్షిణాఫ్రికా నుంచి వజ్రాలు ప్రపంచమంతటికీ వచ్చాయి, మన ఇళ్లకూ వచ్చాయి. మన పెద్దవాళ్లు గొప్పగా చెప్పుకునే బ్లూ జాగర్ రకం వజ్రాల పేరే దక్షిణాఫ్రికాలోని యాగర్స్‌ఫాంటైన్ గని నుంచి వచ్చింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1891లో కొన్న 184.75 కారెట్ల జాకబ్ వజ్రం కూడా దక్షిణాఫ్రికాదే. గోల్కొండను ఏలిన నిజాం ఖజానాలోని అంత పెద్ద రాయే అక్కడిదైనప్పుడు, 1910లో చేయించిన ముక్కుపుడకలోని రవ్వను ఏ ఆధారంతో గోల్కొండదని అంటాం?

టైప్ 2ఏ అంటే ఆ రాయిలో నత్రజని పరికరానికి అందనంత తక్కువగా ఉందని మాత్రమే అర్థం. అది రసాయన స్వభావమే తప్ప ఊరి పేరు కాదు. కోహినూర్ 2ఏ రకమే, 1905లో దక్షిణాఫ్రికాలో దొరికిన కల్లినన్ కూడా 2ఏ రకమే. ఇప్పుడు ల్యాబ్‌లో పెంచుతున్న సీవీడీ వజ్రాలు కూడా చాలా వరకు 2ఏ కిందికే వస్తాయి. కాబట్టి ఆ రెండక్షరాలు చూసి గోల్కొండ పేరుకు అదనపు ధర ఇవ్వడం తొందరపాటు. మరోవైపు, ల్యాబ్‌లో పెంచిన రాళ్లను ఏరడానికి వాడే స్క్రీనింగ్ యంత్రం "ఇంకా పరీక్ష అవసరం" అని చూపితే రాయి నకిలీ అని బెంబేలెత్తవద్దు. సహజమైన 2ఏ రాళ్లకు కూడా యంత్రం అలాగే చూపుతుంది, పెద్ద ల్యాబ్‌కు పంపితే తేలిపోతుంది.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను.

అపోహ: టెస్టర్ పెన్ కూస్తే వజ్రమే. వాస్తవం: వేడిని కొలిచే పెన్ సీవీడీకీ కూస్తుంది, వజ్రంలా మెరిసే వేరే రాయి మోయిసనైట్‌కూ కూస్తుంది. మోయిసనైట్‌ను పది రెట్లు పెద్దగా చూపే లూప్ (చేతి భూతద్దం)లో ఏటవాలుగా చూస్తే వెనుక అంచులు జంటగా కనిపిస్తాయి.

అపోహ: గాజును గీస్తే వజ్రం. వాస్తవం: పుష్యరాగమూ గీస్తుంది. దయచేసి ఈ పరీక్ష చేయవద్దు, పాత రాళ్ల అంచులు పెచ్చులూడతాయి.

అపోహ: సర్టిఫికెట్ ఉంటే చాలు. వాస్తవం: అది ఈ రాయిదే అయితే చాలు. సెంట్లలో బరువు, మిల్లీమీటర్లలో కొలతలు సరిచూడాలి, అందుకూ రాయి విడిగా చేతిలో ఉండాలి.

అపోహ: మధ్యలో చిల్లు కనిపిస్తే దోషమున్న రాయి. వాస్తవం: ఓల్డ్ మైన్ కట్ రాళ్ల అడుగు మొనను సూదిగా కాక చిన్న ముఖంగా కోసేవారు, పైనుంచి చూస్తే అది గుండ్రటి కిటికీలా కనిపిస్తుంది. పాత కోతను గుర్తుపట్టడానికి అదొక మంచి ఆనవాలు. ఎవరో దోషమన్నారని నిద్రపట్టక, అమ్మమ్మ ఇచ్చిన కమ్మలను సగం ధరకు అమ్మేయబోయిన ఒక అమ్మాయికి లూప్ ఇచ్చి ఆ ముఖాన్ని చూపించాను. కమ్మలు ఇంకా ఆమె దగ్గరే ఉన్నాయి.

బయానా ఇవ్వక తప్పని పరిస్థితి వస్తే, చిన్న మొత్తమే ఇచ్చి, అదీ బ్యాంకు ద్వారానే పంపి, ఒక కాగితం మీద ఇద్దరూ సంతకాలు చేయండి. రాయిని ఎవరి ఎదుట, ఎవరి చేత, ఏ తేదీలోగా విప్పించాలో, తూకం ఎన్ని సెంట్లు తగ్గితే ధర ఎంత తగ్గాలో, ల్యాబ్‌లో సహజ వజ్రం కాదని తేలితే మొత్తం డబ్బు ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలో అందులో రాసి ఉండాలి.