నడుమ పరిచే అయిదు ముక్కలు: పోకర్ నియమాలపై అపోహలు - వాస్తవాలు

తిరుపతి కొర్లగుంటలోని మా ఇంటి మేడ మీద ఆదివారం సాయంత్రాల్లో డిగ్రీ విద్యార్థులకు సంభావ్యత పాఠం చెబుతాను. అందుకు ఎంచుకున్న సాధనం టెక్సస్ హోల్డెమ్ అనే పోకర్ ఆట. మా దగ్గర పందెంగా పెట్టేవి చింతగింజలు మాత్రమే. వచ్చేవారిలో చాలామందికి రమ్మీ, మూడు ముక్కలాట సంక్రాంతి సెలవుల్లో చిన్ననాడే అలవడి ఉంటాయి కాబట్టి, ఈ ఆట గురించి వారికున్న అపోహల్లో ఎక్కువ భాగం ఆ రెండు ఆటల నుంచి వచ్చినవే.

ముందుగా ఆట నడక చెబుతాను. జోకర్లు లేని 52 ముక్కల పేకలోంచి ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు మూసి పంచుతారు. పంచేవారికి ఎడమ పక్కనున్న ఇద్దరు తమ ముక్కలు చూడకముందే నిర్ణీత పందెం పెట్టాలి. వాటిని చిన్న బ్లైండ్, పెద్ద బ్లైండ్ అంటారు. ఒక చుట్టు పందెం అయ్యాక నడుమ మూడు ముక్కలు తెరిచి పరుస్తారు, అది ఫ్లాప్. మరో చుట్టు తర్వాత పరిచే నాలుగో ముక్క టర్న్, ఇంకో చుట్టు తర్వాత పరిచే అయిదో ముక్క రివర్. ఆపై చివరి పందెం నడిచి, అప్పటికీ ఆటలో నిలిచినవారు ముక్కలు చూపుతారు.

అపోహ: చేతిలోని రెండు ముక్కలనూ వాడి తీరాలి.

రమ్మీలో చేతిలోని ప్రతి ముక్కనూ ఏదో ఒక వరుసలో ఇమడ్చాలి కనుక ఈ భావన కలుగుతుంది. హోల్డెమ్‌లో చేతిలోని రెండు, నడుమనున్న అయిదు కలిపి ఏడు ముక్కల్లోంచి మేలైన అయిదింటిని ఎంచుకోవాలి. దానికి 21 మార్గాలున్నాయి. చేతి ముక్కల్లో రెండూ పనికిరావచ్చు, ఒకటే పనికిరావచ్చు, ఏదీ పనికిరాకపోవచ్చు. నడుమ పది, జాకీ, రాణి, రాజు, ఆసు పడి, వాటిలో ఒకే జాతివి (ఇస్పేటు, ఆఠీను వంటివి) రెండుకు మించి లేకపోతే, నిలిచిన వారందరి ఆటా అదే అవుతుంది, గింజలు సమానంగా పంచుకోవలసిందే. చేతి నుంచి కచ్చితంగా రెండు వాడాలన్న నియమం ఒమాహా అనే మరో పోకర్ ఆటది. అందులో పంచేది నాలుగు ముక్కలు.

అపోహ: సీక్వెన్స్ ముందు కలర్ నిలవదు.

నాకు అత్యంత ఇష్టమైన పాఠం ఇక్కడే మొదలవుతుంది. వరుస విలువలున్న ముక్కలు పడితే సీక్వెన్స్, వరుస లేకున్నా అన్నీ ఒకే జాతివి పడితే కలర్. ఒకసారి ఒక విద్యార్థి సీక్వెన్స్ చూపి గింజలు దగ్గరకు లాక్కోబోతుంటే ఎదుటివాడు కలర్ చూపాడు. "కలర్ ఎట్ల సార్ గెలిచేది?" అని అతడు నిజంగా బాధపడ్డాడు. మూడు ముక్కలాటలో అతడి మాటే నిజం. మూడేసి ముక్కలుగా రాగల 22,100 చేతుల్లో (అంటే ముక్కల కూర్పుల్లో) సీక్వెన్సులు 720, కలర్లు 1,096. అరుదైనది సీక్వెన్స్ కాబట్టి అది పెద్దది. అయిదు ముక్కలకు వచ్చేసరికి 25,98,960 చేతుల్లో సీక్వెన్సులు 10,200 ఉండగా కలర్లు 5,108 మాత్రమే. సీక్వెన్సులో చేరే ప్రతి కొత్త ముక్క నాలుగు జాతుల్లో ఏదైనా కావచ్చు, కలర్‌లో మాత్రం అది మొదటి ముక్క జాతిదే కావాలి. అందువల్ల మూడు నుంచి అయిదుకు మారినప్పుడు సీక్వెన్సుల సంఖ్య సుమారు పద్నాలుగు రెట్లు పెరిగితే, కలర్ల సంఖ్య అయిదు రెట్లు కూడా పెరగదు. ఈ లెక్కను పలక మీద స్వయంగా వేసి చూసుకున్నవారు మళ్లీ ఆ వరుసను బట్టీ పట్టనక్కర్లేదు.

మిగతా వరుసంతా ఇదే సూత్రం మీద నడుస్తుంది: ఒకే జాతి సీక్వెన్సులు 40, ఒకే విలువ ముక్కలు నాలుగు పడేవి 624, మూడూ రెండూగా కుదిరే ఫుల్ హౌస్‌లు 3,744, ఆపై కలర్, సీక్వెన్స్, ఆ తర్వాత ఒకే విలువవి మూడు పడేవి 54,912, రెండు జతలు 1,23,552, ఒక జత 10,98,240. మూడు ముక్కలాటలో ఈ సూత్రం పైవరుసలోనే తప్పుతుందని గమనించినప్పుడు నాకు ఎంతో ఆశ్చర్యం కలిగింది: ఒకే విలువవి మూడు పడే చేతులు 52 ఉంటే ఒకే జాతి సీక్వెన్సులు 48, అయినా పెద్దపీట మొదటిదానికే. ఆసు, రెండు, మూడు వరుసకు కొన్ని ఇళ్లలో ఇచ్చే గౌరవం కూడా ఇక్కడ చెల్లదు. పోకర్‌లో ఆసు నుంచి అయిదు వరకు ఉన్న వరుస సీక్వెన్సులన్నింటిలో చిన్నది.

అపోహ: సమానమైతే ఇస్పేటు గెలుస్తుంది.

హోల్డెమ్‌లో ఇస్పేటు, ఆఠీను, డైమండు, కళావరు అన్నీ సమానమే. ఇద్దరికీ ఒకే జత పడితే పక్క ముక్కల్లో పెద్దది చూస్తారు. అవీ సమానమైతే పోగును చెరిసగం చేస్తారు.

అపోహ: చేతికి రెండు ఆసులొస్తే గెలిచినట్టే.

అవి సగటున 221 పంపకాలకు ఒకసారి వస్తాయి. చివరిదాకా ఒక్కరే ఎదురు నిలిస్తే గెలుపు అవకాశం దాదాపు 85 శాతం, ఎనిమిది మంది నిలిస్తే సుమారు 35 శాతం. అందుకే రెండు ఆసులు వచ్చినవారు మొదటి చుట్టులోనే పందెం పెంచి ఎదుటివారి సంఖ్యను తగ్గించుకోవాలని చెబుతాను.

అపోహ: గింజలు చాలనివాడు ఆట వదులుకోవాలి.

ఒకరి దగ్గర 30, ఇద్దరి దగ్గర 80 చొప్పున ఉన్నాయనుకుందాం. మొదటివాడు ఉన్న 30 పెట్టేస్తే, ముగ్గురివీ కలిపి 90 గింజలు ఒక పోగు. మిగతా ఇద్దరూ ఆపైన పెట్టే 50, 50 విడిగా మరో పోగు. మొదటివాడు గెలిచినా అతడికి దక్కేది మొదటి పోగే. ఆట నడుమ జేబులోంచి తీసి కలపడం ఎవరికీ కుదరదు.

అపోహ: ఇది నైపుణ్యం ఆట కనుక ఫోన్‌లో డబ్బు పెట్టి ఆడవచ్చు.

దీనికి ఆధారంగా చాలామంది చెప్పేది సత్యనారాయణ కేసులో సుప్రీంకోర్టు తీర్పు. అది రమ్మీ గురించి చెప్పిన తీర్పు. మూడు ముక్కలాట వంటి కేవల అదృష్టపు ఆట కాదని రమ్మీని అందులో వేరు చేశారు. ఆ తర్వాత 2020లో ఆంధ్రప్రదేశ్ తన 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధ పరిధిలోకి తెచ్చింది. 2025 నాటి కేంద్ర చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న భేదం చూడకుండానే ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధించింది. ఈ సంగతిని మొదటి ఆదివారమే, పేక కలపకముందే చెబుతాను. చీకటి పడ్డాక గెలిచినవారి గింజలూ ఓడినవారి గింజలూ ఒకే డబ్బాలోకి తిరిగి వెళతాయి.