పడమటి ఎండకు రంగు మారే అద్దం

పిల్లలూ,

గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల్లో నిలువెల్లా అద్దాలు తొడిగిన భవనాలు చూస్తూనే ఉంటారు. మే నెలలో మూడు దాటాక పడమటి అద్దం పక్కన కూర్చుంటే, ఏసీ ఎంత పెంచినా చెంప చురుక్కుమంటుంది. మామూలు 6 మిల్లీమీటర్ల తెల్ల అద్దం, తనమీద నేరుగా పడే ఎండ వేడిలో దాదాపు 80 శాతాన్ని లోపలికి పంపేస్తుంది మరి! స్మార్ట్ గ్లాసు మీద ఆర్కిటెక్టులకు ఆసక్తి అందుకే. అందులో కరెంటుతో రంగు మారే ఎలక్ట్రోక్రోమిక్ రకం తేటగా ఉన్నప్పుడు సుమారు 40 శాతం, రంగు బాగా ముదిరితే 10 శాతమే రానిస్తుంది.

ఈ రకంలో రెండు అద్దాలు, మధ్యలో ఖాళీ ఉంటాయి. బయటి అద్దం లోపలి ముఖం మీద పల్చటి పొరలు: టంగ్‌స్టన్ ఆక్సైడ్, అయాన్లను (విద్యుదావేశం ఉన్న పరమాణువులను) దాటనిచ్చే పొర, నికెల్ ఆక్సైడ్, వీటికి అటూ ఇటూ కరెంటు పారే పారదర్శక పొరలు. 5 వోల్టుల లోపు డీసీ ఇస్తే లిథియం అయాన్లు టంగ్‌స్టన్ ఆక్సైడ్‌లోకి చేరి, అద్దం నీలంగా ముదురుతుంది. ప్లస్ మైనస్‌లు తారుమారు చేస్తే మళ్లీ తేటపడుతుంది. టంగ్‌స్టన్ ఆక్సైడ్‌లో ఈ రంగు మార్పును 1969లో సత్యేన్ దేబ్ చూపించారు.

ముదిరిన పొర ఎండను పీల్చుకుని కాగుతుంది. బయటి అద్దం మీద ఉంటే ఆ వేడి ఎక్కువగా బయటికే పోతుంది. బిగించేవాళ్లు యూనిట్‌ను వెనకాముందు చేశారో, గదిలోకే కొడుతుంది! సైటులో కోయడమూ కుదరదు. కొలత తప్పితే కొత్తది చేయించాల్సిందే. అంచు సీలు దెబ్బతింటే తేమ చేరి పొరలు పాడవుతాయి. తీగ ఫ్రేములో నలిగితే ఆ పలక ఒక్కటీ రంగు మారదు.

ఇంకో సంగతి. కరెంటు అంచుల నుంచి వస్తుంది కనుక పెద్ద పలకలో నడిమి భాగం చివర్లో ముదురుతుంది. మొత్తానికి 20 నిమిషాలు కూడా పట్టొచ్చు. అందుకే ఎండ పడమటికి తిరగకముందే మొదలుపెట్టేలా కంట్రోలర్‌ను అమర్చాలి.

మీటింగు గదుల్లో కరెంటు ఆపగానే పాలలా తెల్లబడే అద్దం వేరు. అది చూపును అడ్డుతుంది, కాంతిని చెదరగొడుతుంది, వేడిని పెద్దగా ఆపదు. రెండూ స్మార్ట్ గ్లాసు పేరుతోనే అమ్ముతారు కాబట్టి, తేటగా ఉన్నప్పుడు ఎంత వేడి వస్తుందో, ముదిరాక ఎంతో, రెండు అంకెలూ అడగాలి.

ఇంత ఖరీదైన ఎలక్ట్రోక్రోమిక్ అద్దం అన్ని వైపులా ఎందుకు? హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మేలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, దక్షిణపు కిటికీకి చిన్న సన్‌షేడ్ చాలు. సాయంత్రం ఎండ మాత్రం ఏటవాలుగా సన్‌షేడ్ కిందనుంచే దూరుతుంది. ముందు పడమట అద్దం తగ్గించండి. వెలుగు కోసం ఉంచక తప్పని చోట ఈ గ్లాసు పెట్టండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య