చెక్క దెయ్యం పాదాలు

ఎదుట నిలబడింది దెయ్యమో మనిషో తేల్చుకోవాలంటే పాదాలు చూడమనేది మా నాయనమ్మ. వెనక్కి తిరిగి ఉంటే దెయ్యమేనట. న్యూజెర్సీలో మా ఇంటి ముందు నేను పాతిన చెక్క దెయ్యానికీ చూడాల్సింది పాదాలేనని ఆలస్యంగా తెలిసింది.

అక్టోబర్ 31న హాలోవీన్, దెయ్యాల వేషాలు వేసుకునే పండగ. ఆ నెలంతా ఇక్కడ ఇళ్ల ముందు గుమ్మడికాయలు, నల్లపిల్లులు, ఉత్తుత్తి సమాధులు వెలుస్తాయి. ప్లాస్టిక్‌వి కొనబుద్ధి కాక, పైన్ పలక తెచ్చి జిగ్‌సా అనే కరెంటు రంపంతో దెయ్యం ఆకారం కోశాను. రెండు పూతలు తెల్ల రంగు వేసి నేలలో గుచ్చాను. పండగయ్యాక తీయడానికి బద్ధకం. రెండేళ్లు అక్కడే ఉండిపోయింది. చివరికి పీకి చూస్తే తల బాగానే ఉంది గానీ, కింద జానెడు మేర రంగు పెచ్చులు లేచిపోయింది. గోరుతో నొక్కితే చెక్క మెత్తగా లోపలికి దిగింది.

చెట్టు బతికుండగా వేళ్ల నుంచి కొమ్మలకు నీళ్లు మోసిన సన్నని గొట్టాలు ఎండిన చెక్కలోనూ అలాగే ఉంటాయి. పలకను అడ్డంగా కోసినచోట వాటి నోళ్లు తెరుచుకుంటాయి. అందుకే పలక ముఖం మీద పడిన చినుకు చాలావరకు జారిపోతుంది, కోసిన అంచుకు తగిలిన తడి మాత్రం స్ట్రాతో పీల్చినట్టు లోపలికి పోతుంది. నా దెయ్యం ఆ నోళ్లను తడిమట్టిలో పెట్టుకుని నిలబడిందన్నమాట!

తడిసిన చెక్క ఉబ్బుతుంది, అదీ ఒక వైపుకే ఎక్కువ. పచ్చి పైన్ పూర్తిగా ఎండితే నిడివిలో తగ్గేది సుమారు 0.1 శాతం, వెడల్పులో 6, 7 శాతం దాకా తగ్గొచ్చు. మళ్లీ తడిస్తే మళ్లీ ఉబ్బుతుంది. ఈ లాగుడు తట్టుకోలేక రంగు పొర చిట్లుతుంది, ఆ పగుళ్లలోంచి ఇంకాస్త నీరు దిగుతుంది. చెక్కలో తేమ 20 శాతం లోపుంటే కుళ్లబెట్టే శిలీంధ్రాలు పెరగలేవు. మట్టిలో ఉన్న కాలికి ఆ రక్షణ ఎక్కడిది?

రెండోసారి బయట వాడే ప్లైవుడ్ తెచ్చాను. అందులో పొరలను ఒకదానికొకటి అడ్డంగా అతికిస్తారు కాబట్టి ఒక పొర ఉబ్బబోతే పక్క పొర పట్టి ఆపుతుంది. అంచుల్లో మాత్రం గొట్టాల నోళ్లు ఇక్కడా తెరిచే ఉంటాయి. నన్నడిగితే ముఖం మీద వేసే బొమ్మకన్నా అంచుల మీద ప్రైమరే, అంటే రంగుకు ముందు వేసే అడుగు పూతే, ముఖ్యం. మూడు పూతలు పట్టించాను.

ఇంకో సంగతి, వాతావరణం. నీళ్లతో కలిపే చాలా రంగులను 10 డిగ్రీల సెల్సియస్ కన్నా చలిలో వేయొద్దని డబ్బా మీదే రాసి ఉంటుంది. నీరు ఆరేకొద్దీ రంగులోని రేణువులు మెత్తబడి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతేనే గట్టి పొర తయారవుతుంది. చలికి అవి బిగుసుకుపోతే ఆ పొర పొడిపొడిగా రాలుతుంది. అందుకే రంగు పని సెప్టెంబర్ ఎండలోనే ముగించాను.

ఇప్పుడు దెయ్యం ఇనుప చువ్వ మీద, నేలకు బెత్తెడు ఎత్తున నిలబడి ఉంది. పాదాలు అసలు పెట్టనేలేదు.