వెంట్రుక ఆలస్యంగా చల్లారుతుంది

ఒక పాఠకురాలు అడిగారు: "ఇంట్లో వాడే ఐపీఎల్ మెషీన్‌తో చంకల్లో వెంట్రుకలు బాగా తగ్గాయండీ. ఉద్యోగం మారే హడావిడిలో కొన్ని నెలలు మానేశాను. మళ్ళీ వస్తున్నాయి. మొదటి నుంచీ చేసుకోవాలా? లెవెల్ పెంచితే త్వరగా అయిపోతుందా?" మొదటి ప్రశ్నకు దాదాపు అవుననే చెప్పాలి. రెండోది మాత్రం వద్దు.

ఐపీఎల్ మెషీన్ అంటే బలమైన వెలుగును ఫ్లాష్‌లా కొట్టి వెంట్రుకలు తగ్గించేది. ఆ వెలుగును పట్టుకునేది మెలనిన్. ఆ నల్లరంగు వెంట్రుకలోనూ ఉంది, చర్మం పైపొరలోనూ ఉంది. మరి వెంట్రుక మాడితే చర్మం మాడదేం? 1983లో అమెరికా పరిశోధకులు రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ దీనికి లెక్క చెప్పారు. ఎంత సేపట్లో చల్లారుతుందన్నదే కిటుకు. పళ్ళెంలో పలచగా పరిచిన అన్నం ఇట్టే చల్లారుతుంది, గిన్నెలో ముద్దగా ఉన్నది పొగలు కక్కుతూనే ఉంటుంది. పైపొర పళ్ళెంలోది: కొన్ని మిల్లీసెకన్లలో వేడి వదిలేస్తుంది. ముదురు వెంట్రుక కుదురు గిన్నెలోది: దానికి పదుల మిల్లీసెకన్లు పడుతుంది. మందం రెండింతలైతే చల్లారే సమయం నాలుగింతలు! ఈ తేడాలోకి సరిపోయేలా ఫ్లాష్ నిడివి పెడితే చర్మం ఎప్పటికప్పుడు చల్లబడుతుంది, కుదురులో వేడి పేరుకుంటుంది. వెంట్రుకను మళ్ళీ పుట్టించే మూలకణాలకు రంగు లేదు. పక్కనున్న వెంట్రుక వేడే వాటికి తగలాలి. అందుకే ముందు రేజర్‌తో గీసుకోవాలి, వ్యాక్సింగ్ చేయకూడదు. పీకేస్తే వేడెక్కడానికి లోపల ఏమీ మిగలదు. గీస్తే ఒత్తుగా వస్తాయన్న భయం మన ఇళ్ళలో ఇంకా పోలేదు. తెగిన కొస మొద్దుగా ఉండి చేతికి గరుగ్గా తగులుతుంది, అంతే. ఈ సంగతి బడిలోనే చెప్పాలి.

ఏ రోజు చూసినా చంకల్లో సగానికి పైగా కుదుళ్ళు విశ్రాంతిలో ఉంటాయి. వెలుగు దెబ్బ గట్టిగా తగిలేది ఎదుగుతున్నవాటికే. పైగా ఇంటి మెషీన్ల శక్తి తక్కువ కాబట్టి చాలా కుదుళ్ళు చావవు, నిద్రలోకి జారుకుంటాయి. విరామంలో లేచినవి అవే. కనుక మెషీన్ పుస్తకంలో మొదట్లో చెప్పిన వరసనే, సాధారణంగా రెండు వారాలకోసారి, మళ్ళీ పట్టాలి. తిరిగొచ్చిన వెంట్రుకలు తరచూ సన్నగా, లేత రంగులో ఉంటాయి. అంటే అవీ పళ్ళెంలో అన్నంలాగే త్వరగా చల్లారిపోతాయి, ఫలితం నెమ్మదిస్తుంది. అలాగని లెవెల్ పెంచితే అదనపు వేడి చర్మానికే చేరుతుంది. మన చామనఛాయ చర్మంలో మెలనిన్ ఎక్కువ కాబట్టి బొబ్బలు, మచ్చలు త్వరగా వస్తాయి. బాగా నల్లని చర్మానికి చాలా మెషీన్లు పనికిరావు.

మళ్ళీ మొదలుపెట్టే ముందు ఒక చిన్న చోట తక్కువ లెవెల్‌లో ఒక్క ఫ్లాష్ ఇచ్చి, ఒక రోజు ఆగి చూడండి. ఈ మధ్యలో మొటిమలకు డాక్సీసైక్లిన్, ఐసోట్రెటినోయిన్ లాంటి మందులు మొదలుపెట్టి ఉంటే ముందు డాక్టర్ని అడగాలి. పుట్టుమచ్చల మీద, టాటూల మీద అసలు వద్దు. నెరిసిన వెంట్రుకల జోలికి వెళ్ళకండి, వాటిలో వెలుగును పట్టే రంగే లేదు.

చంక ముడతల్లో చర్మం నల్లగా, మందంగా, ముఖమల్ గుడ్డలా మారి ఉంటే అది తోమితే పోయే మురికి కాదు. ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి అది గుర్తు కావచ్చు. అక్కడ ఫ్లాష్ కొట్టకుండా ముందు షుగర్ పరీక్ష చేయించుకోండి.