రీమేక్ సినిమాలు: నా పనిలో వినే అపోహలు - వాస్తవాలు

మాది మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా ధర్మాబాద్. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. సినిమాలకు డబ్బింగ్ మాటలు, సబ్‌టైటిళ్లు రాస్తాను.

అపోహ: కథ అదే కదా, ఊరి పేరూ మనుషుల పేర్లూ మారిస్తే రీమేక్ అయిపోతుంది.

వాస్తవం: కాదు. 2016లో నాగరాజ్ మంజులే తీసిన మరాఠీ సినిమా ‘సైరాట్’ చూడండి. అగ్రకుల భూస్వామి పాటిల్ కూతురు ఆర్చీ బుల్లెట్ నడుపుతుంది, ట్రాక్టర్ నడుపుతుంది. ఆ ధీమా వెనక తండ్రి భూమి ఉంది, కులం ఉంది. చేపలు పట్టుకుని బతికే ఇంటి పర్శ్యాతో పారిపోయి హైదరాబాద్ మురికివాడలో పడ్డాక అవేవీ లేవు. చుట్టూ వినబడే తెలుగు ముక్క అర్థం కాదు. ఆ పిల్లను బెదరగొట్టిన భాష మా అమ్మ భాష! ఆ సగం చూస్తుంటే నాకు గొంతు పట్టేసింది. బడిలో తొలిరోజు మరాఠీ ముందు నేనూ అలాగే నిలబడ్డాను మరి.

2018లో హిందీ ‘ధడక్’ ఆ కథను ఉదయపూర్‌కు, అక్కణ్నుంచి కోల్‌కతాకు తీసుకెళ్లింది. ఊరు మార్చడం తప్పు కాదు. కులాన్ని పలచన చేయడమే నాకు మింగుడుపడలేదు. అది పోతే మిగిలేది పెద్దింటి అమ్మాయి, మామూలింటి అబ్బాయి కథే. ముగింపూ మారింది. మరాఠీలో ఆర్చీ, పర్శ్యాల పసివాడు ఒక్కడే ప్రాణాలతో మిగిలి, రక్తం అంటిన పాదాలతో ఏడుస్తూ బయటికి నడుస్తాడు. హిందీలో బతికేది తల్లి.

అపోహ: ఒరిజినల్ తీసిన దర్శకుడే తీస్తే తేడా ఉండదు.

వాస్తవం: ఉంటుంది, ఉండాలి కూడా. జీతూ జోసెఫ్ తన 2013 మలయాళ ‘దృశ్యం’ను 2015లో తమిళంలో ‘పాపనాశం’గా తీశారు. మలయాళంలో కథానాయకుడైన జార్జికుట్టి తమిళంలో స్వయంభులింగమై తిరునెల్వేలి యాస మాట్లాడాడు.

అపోహ: సొంత కథ లేనివాళ్లే రీమేక్ చేస్తారు.

వాస్తవం: మన ‘నువ్వొస్తానంటే నేనొద్దంటానా’ 2005లో వచ్చాక ఒడియాతో సహా ఎన్ని భాషల్లోకి వెళ్లిందో చూడండి. ఆ భాషలన్నింటికీ సొంత కథలు లేకనా?

అపోహ: ‘సైరాట్’ను తెలుగులో తీయడం తేలిక, సగం కథ హైదరాబాద్‌లోనే ఉంది కదా!

వాస్తవం: చిక్కంతా అక్కడే. తెలుగు పిల్లలకు హైదరాబాద్ పరాయి ఊరు కాదు. పోనీ, వాళ్లను మహారాష్ట్రలోని సోలాపూర్‌కో భీవండికో పంపుదాం అంటారా, అక్కడ మగ్గాల దగ్గర పద్మశాలీల తెలుగు వినబడుతూనే ఉంటుంది. బస్సు దిగి మంచినీళ్లు అడిగితే ఎవరికీ అర్థంకాని ఊరు కావాలి. నాకు పని ఇస్తే ముందు ఆ ఊరు వెతుకుతాను, మాటలు తర్వాత రాస్తాను.